మణికట్టు మీది తాయెత్తు

కంట్లో చుక్కలు వేసి, కళ్ళు తెరవొద్దని చెప్పి, నన్ను బెంచీ మీద కూర్చోబెట్టారు. నెల్లూరులో కంటి ఆసుపత్రి. పక్కన ఎవరో వచ్చి కూర్చున్నారు. గాజుల చప్పుడు, కొంచెం అత్తరు వాసన. కాసేపటికి "సిస్టరక్కా, మీరేనా?" అని ఒక ఆడగొంతు వినిపించింది. నేను పలకలేదు. సర్కారు ఆసుపత్రిలో కాన్పుల నర్సుగా చేసి రిటైరయిన దాన్ని. ఆసుపత్రి బెంచీల మీద వరస కలిపి పలకరించేవాళ్ళకు సాధారణంగా ఏదో ఒక సిఫారసు కావాల్సి ఉంటుంది. అందులోనూ మనం కళ్ళు మూసుకున్నప్పుడు పలకరించేవాళ్ళను అసలు నమ్మకూడదు. చేతిసంచీని ఒళ్ళోకి లాక్కున్నాను.

"నేనక్కా. పరుపులోళ్ళ వీధి. మూడో కాన్పుకి పెద్దాపరేషన్ చేసినారే. నానీ తోడొచ్చింది గదా నాకు."

నానీ అనే మాట వినగానే మనిషి గుర్తొచ్చింది. కళ్ళు తెరవబోతే వెలుగు సూదిలా గుచ్చుకుంది. మళ్ళీ మూసుకున్నాను.

"నానీ పోయిందక్కా. రంజాన్ నెల ఇంకా రాకముందే పోయింది. మీకు చెప్పాలని శానా అనుకున్నా. మీరు యాడుండారో తెలీలా. ఇంకో సంగతి కూడా చెప్పాల మీకు."

ఆ ఇంకో సంగతి చెప్పేలోపే ఆమెను లోపలికి పిలిచారు, చూపు పరీక్షకు. వస్తానుండక్కా, యాడికీ పోవొద్దు అని చెప్పి వెళ్ళింది. కళ్ళు మూసుకుని ఒక్కదాన్నే కూర్చున్నాను. అప్పుడు ఆమె నా ఎదురుగా వచ్చి కూర్చున్నట్టే అయింది. ఈ పిల్ల కాదు, ఆ నానీ.

కోట అనే ఊరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఊళ్ళలో ఒక ఊరు, నేను పనిచేసింది అక్కడి ఆసుపత్రిలో. ఊరి పేరు చెప్పను. ఆమె పేరు కూడా చెప్పను. ఎందుకు చెప్పనో చదివాక తెలుస్తుంది, తెలిశాక మీరు కూడా అడగరు. వీధిలో పిల్లకాయలంతా ఆమెను నానీ, అంటే అమ్మమ్మ, అనేవాళ్ళు. మేము ఆసుపత్రి వాళ్ళం బూబమ్మ అనేవాళ్ళం. ఎదురుగా ఆ మాట, వెనక ఇంకో మాట. వెనక మేమనేది 'తలుపు కాడ పోలీసు' అని.

మొదటిసారి ఎవరి కోడలినో వెంటబెట్టుకుని వచ్చింది. కొంగు తలమీదుగా చెవుల వెనక్కి దోపుకుని, చంకలో ఒక చిన్న దూది మెత్త పెట్టుకుని వచ్చింది. వాళ్ళింట్లో పరుపులు కుడతారు. కనుబొమ్మల మీద, కొంగు అంచున ఎప్పుడూ దూది పోగులు అంటుకుని ఉండేవి. బెంచీ ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. కాన్పుల గది తలుపు పక్కన గచ్చు మీద మెత్త వేసుకుని, దాని మీద కూర్చుంది. బెంచీ మీద కూర్చోవచ్చు కదా అన్నాను. "మీ బెంచీ మీద ఎవురెవురు ఏమేం రోగాలతో కూర్చున్నారో నాకేం ఎరుక" అంది. నాకు మొదటి రోజే ఒళ్ళు మండింది.

ఆ కోడలికి బీపీ చూడబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "ముందు నాకు కట్టు." కట్టాను. పట్టీ బిగుస్తుంటే తన చేతివైపు చూడలేదు, నా మొహంలోకి చూసింది. బిగుపు వదిలాక కాసేపు ఆలోచించి, "ఊఁ, నొప్పేం లేదు. దానికి కట్టు" అంది. ఆ రోజు నుంచి ఆమె ఎవరిని తెచ్చినా ముందు ఆమె చేతికి కట్టాల్సిందే. చివరికి నాకే అలవాటైపోయింది. ఆమె కనబడగానే మిషను ఆమె వైపు తిప్పేదాన్ని.

రక్తం పట్టడానికిచ్చే ఎర్ర మాత్రలను విరిచి వాసన చూసేది. నాలుక కొసకు తాకించి మొహం ముడిచేది. ఆ మాత్రలు మింగితే బిడ్డ నల్లగా పుడుతుందని, కడుపుతో ఉన్నప్పుడు వేసే సూది వల్ల గర్భసంచి ఎండిపోతుందని, అది మనవాళ్ళ సంఖ్య తగ్గించడానికి వేస్తున్నారని వీధిలో మాట నడిచేది. ఆ మాటల్ని ఆమె నమ్మిందా లేదా ఎప్పుడూ తేలలేదు. "వీధిలో ఇట్టా అంటుండారు. నువ్వేమంటావు?" అని నన్నే అడిగేది. నేను ఓపిక తెచ్చుకుని ఆమెకు వివరంగా చెప్పడం మొదలుపెట్టేదాన్ని. సగంలో ఆపేసేది.

"నాకు గాదు, దానికి చెప్పు."

ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. సూదైనా, గ్లూకోజు సీసా అయినా, కడుపు మీద చెయ్యి వేసి చూసినా సరే, ఎందుకు చేస్తున్నామో ఆ పిల్ల మొహం చూసి చెప్పాలి. తను మాత్రం పక్కన కూర్చుని వినేది. ఆ పిల్లకు అర్థమైందనుకుంటే తల ఊపేది. లేదనుకుంటే, "దానికి తెలీలా. మళ్ళా చెప్పు" అనేది. బయట ఎదురుచూస్తున్నవాళ్ళు నన్ను తిట్టుకునేవాళ్ళు.

అంతటితో పోయేదా? నేను చెప్పిన సంగతే మందుల కిటికీ దగ్గర ఉన్నాయన్ని కూడా అడిగేది, రెండు జవాబులూ కలుస్తాయో లేదో చూడ్డానికి. ఒకసారి నేను భోజనం తర్వాత వేసుకోమన్న మాత్రను ఆయన పరగడుపున అన్నాడు. ఆమె మందుల కిటికీ దగ్గరికి నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. "ఇద్దరూ ఈడే తేల్చుకోండి. ఒక మాట చెప్పినాక మింగిస్తా" అని మెత్త వేసుకుని కూర్చుంది. మేము తేల్చుకున్నాం, ఏం చేస్తాం.

ఇక తాయెత్తు సంగతి. ఆ చుట్టుపక్కల ఏడో నెలలో దర్గాకు పోయి నల్లదారంతో తాయెత్తు కట్టించుకుంటారు, మొలకు. సాయిబులే అనుకోకండి, చేపలు పట్టే పట్టపువాళ్ళ ఆడవాళ్ళూ, లోపలి ఊళ్ళ రైతుల కోడళ్ళూ కట్టించుకుంటారు. మాది కోవూరు పక్క వరిపొలాల కుటుంబం, మా అక్క కూడా కట్టించుకుంది. కాన్పయ్యేదాకా అది ఒంటి మీది నుంచి తీయకూడదు, ముఖ్యంగా నేల తగలకూడదు. తగిలితే ఆ కడుపుకు మంచిది కాదని నమ్మకం. ఆపరేషన్ గదిలో మా పద్ధతి వేరు. ఒంటి మీద దారప్పోగు ఉండటానికి వీల్లేదు. నేను అక్కడికి పోకముందు కత్తెరతో కత్తిరించి ట్రేలో పడేసేవాళ్ళట. దాంతో ఆ వీధి ఆడవాళ్ళు ఆసుపత్రికి రావడమే మానేశారు. మరీ ప్రాణం మీదికొస్తే, చెయ్యి దాటిపోయే వేళకు తెచ్చేవాళ్ళు. కడుపు మీది కత్తికి కాదు వాళ్ళు భయపడింది, దారం మీది కత్తెరకు.

దానికి దారి కనిపెట్టింది ఈమే. పిల్లను లోపలికి తీసుకుపోయే ముందు తాయెత్తు తనే విప్పేది. విప్పినదాన్ని విప్పినట్టే తన మణికట్టుకు చుట్టి ముడి వేసుకునేది. సన్నటి మణికట్టు, దారం చాలా చుట్లు తిరిగేది. ఇంకొకరి ఒంటి మీద ఉంది కాబట్టి నేల తగలనట్టే, పిల్ల తరఫున తను మోస్తున్నట్టే. కాన్పయ్యాక విప్పి తల్లి చేతిలో పెట్టేది, వాళ్ళు దాన్ని బిడ్డకు కట్టుకునేవాళ్ళు. బయటున్న అత్తలూ అమ్మలూ గడియారం చూసేవాళ్ళు కాదు, ఆమె మణికట్టు చూసేవాళ్ళు. దారం ఉంటే ఇంకా కాలేదన్నమాట.

ఇలా చెయ్యొచ్చని ఎవరు చెప్పారు, మసీదు హజరత్ చెప్పారా అని ఒకసారి అడిగాను.

"ఎవురూ చెప్పలా. నేనే అనుకున్నా."

"మరి ఆయన్ని అడగలేదా?"

"అడిగితే కాదంటాడేమోనని అడగలా" అంది. ఆమె నవ్వడం నేను చూసిన కొద్దిసార్లలో అదొకటి.

ఆమెకు మామీదే అనుమానం అనుకుంటే పొరపాటు. దర్గా నుంచి తెచ్చిన కొత్త తాయెత్తును చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూసేది, లోపల ఏమన్నా ఉందా, ఉత్త రేకేనా అని. మధ్యాహ్నం వరండా మూలన నమాజుకు కూర్చున్నప్పుడు కూడా ఒక కన్ను తలుపు మీదే ఉండేదని నా అనుమానం. ఒకసారి లోపలి ఊరి పెద్ద రైతు ఇంటివాళ్ళు పంతులు పెట్టిన ముహూర్తం పట్టుకొచ్చారు. సరిగ్గా ఆ వేళకే కోసి బిడ్డను తీయాలట. డాక్టరమ్మ తల పట్టుకుంది. ఈమె మెత్త మీద కూర్చుని అంతా విని, నాతో మెల్లగా, "మీరు గడియారం చూస్తుండారు, మేము దారం చూస్తుండాం. లోపల పడుకున్నది మాత్రం నొప్పులు చూస్తా ఉంటాది" అంది. నేను నవ్వాపుకుని, పని ఉందన్నట్టు పక్కకు పోయాను. ఆమె ముందు నవ్వితే లోకువైపోతానని భయం. పైగా "నవ్వే సిస్టర్ని నేను నమ్మను" అని ఒకసారి నా మొహం మీదే అన్నది.

నేను కూడా ఆమెను నమ్మలేదు. అందుకు కారణం ఉంది. ఆమె తలుపు దగ్గర కూర్చునేది తాయెత్తు మోయడానికి మాత్రమే కాదు. ఆ మాట తనే చెప్పింది. "నడుముకు మత్తిచ్చి లోపలికి తీసకపోతారు. ఒక కోత చెప్పి రెండు కోస్తే మాకెట్టా తెలస్తాది?" రెండో కోత అంటే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్. మా దాంట్లో అది కూడదు అని ఆ వీధి గట్టిగా పట్టుకున్న మాట. మసీదు వాళ్ళో, వీధి పెద్దలో ఈమెను కాపలా పెట్టారని, ఇక్కడ మేము ఎవరితో ఏమన్నా అక్కడికి చేరుతుందని డాక్టరమ్మ అనుకునేది, నేనూ అనుకునేదాన్ని. ఆమె కూర్చుని ఉంటే ఆ ఆపరేషన్ మాట గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళం. మేము గొంతు తగ్గించినప్పుడల్లా ఆమె మెత్త ఇంకొంచెం దగ్గరికి జరిగేది.

ఇప్పుడు కంటి ఆసుపత్రిలో నన్ను పలకరించిన పిల్ల సంగతికి వస్తాను. మొదటి రెండు కాన్పులూ ఆపరేషన్లే. మూడోసారి నెలలు నిండుతుండగా చూసి డాక్టరమ్మ మొహం మారిపోయింది. పాత కుట్టు దగ్గర గర్భసంచి బాగా పలచబడిపోయింది. ఈసారికి జాగ్రత్తగా తీస్తాను, ఇంకోసారి కడుపొస్తే మాత్రం అది చిట్లిపోతుంది, మనిషి దక్కదు, దీంతోపాటే పిల్లల ఆపరేషన్ కూడా చేసేస్తాను అని అత్తకు విడమరిచి చెప్పింది. ఆ అత్త చెడ్డమనిషి కాదు. కోడలికి ఇంటి నుంచి వేడివేడిగా గంజి తెచ్చి తాగించే మనిషే. కానీ ఆ మాట వినగానే లేచి నిలబడింది.

"కూడదమ్మా. దేవుడిచ్చేదాన్ని కాదనేదానికి మనమెవురం. అది చేయించుకున్నదాని చేతి నీళ్ళు కూడా నేను తాగను."

పిల్ల తల వంచుకుంది. మొగుడు పరుపులు కుట్టుకుంటూ ఊళ్ళు తిరిగే మనిషి, తల్లి మాట దాటడు. బూబమ్మ మెత్త మీద కూర్చుని అంతా వింది. ఈమె నేర్పిన పాఠమేగా ఆ అత్త అప్పజెప్పింది అనుకుని ఆమె వైపు కోపంగా చూశాను. ఆమె నా చూపును పట్టించుకోకుండా కొంగు మీది దూది పోగులు ఏరుకుంటూ ఉండిపోయింది.

ఆపరేషన్ రోజు పొద్దున పిల్లను తయారు చేసే గదిలో మేము ముగ్గురమే ఉన్నాం. బూబమ్మ వంగి తాయెత్తు ముడి విప్పుతోంది. ఉన్నట్టుండి ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఆ ఆపరేషన్ కూడా చేసెయ్యండి నాకు. మా అత్తకు చెప్పొద్దు."

చెప్పక చెప్పక వీధి పోలీసు ముందు చెప్పింది. "తర్వాత మాట్లాడదాంలే" అని మాట దాటేశాను.

బూబమ్మ తల ఎత్తింది. "తర్వాతేంది? మత్తిచ్చినాక మాట్లాడతావా?" అని నన్ను కసిరి, పిల్ల వైపు తిరిగింది. "మళ్ళా చెప్పు. ఈ సిస్టరు నేర్పించిందా నీకు? డాక్టరు చెప్పమనిందా?"

"ఎవురూ నేర్పలా నానీ. ఇంటికాడ ఉండే ఇద్దరికీ, ఈ పుట్టేదానికీ నేను కావాల. నేను పోయినాక మా అత్త ఎవురి చేతి నీళ్ళు తాగితే నాకేంది?"

బూబమ్మ చాలాసేపు ఆ పిల్ల మొహంలోకి చూసింది, బీపీ పట్టీ బిగిస్తున్నప్పుడు నా మొహంలోకి చూసినట్టే. తర్వాత తాయెత్తు తన మణికట్టుకు చుట్టుకుని, ముడి వేసుకుని, "డాక్టరమ్మని పిలువు" అంది.

డాక్టరమ్మ వచ్చి విని భయపడింది. రూలు ప్రకారం ఆ పిల్ల ఒప్పుకుంటే చాలు. కానీ రూలు వేరు, ఊళ్ళో బతకడం వేరు. మొగుడొచ్చి ఒప్పుకుంటే చేస్తానంది. రేపు వీధంతా వచ్చి గేటు ముందు కూర్చుంటే నాకు దిక్కెవరు అంది.

"కోసేది మొగుడినా దీన్నా?" అంది బూబమ్మ. "దీన్నడుగు. నా ఎదురుగా అడుగు. లోపలికి పొయినాక మళ్ళా అడుగు. సరే అంటే కొయ్యి, వద్దంటే మానుకో. తలుపు కాడ నేనుంటా."

"మీ దాంట్లో కూడదంటారు కదమ్మా?"

"కూడదు. పిల్లకాయల్ని వొదిలేసి తల్లి చచ్చిపోవడం మాత్రం కూడుద్దా? నేను ఎవురి పేరూ చెప్పకుండా హజరత్‌ను అడిగినా. ప్రాణానికే ముప్పయితే తప్పులేదన్నాడు. ఆయన సరే అంటాడు. వీధి సరే అనదు. వీధి సంగతి నేను చూసుకుంటా."

ఎప్పుడు అడిగింది? ఆ రోజు అత్త లేచి నిలబడినప్పుడు దూది పోగులు ఏరుకుంటూ కూర్చున్న మనిషి, అప్పటికే ఆ పని మనసులో పెట్టుకుందన్నమాట. అయినా నాకు నమ్మకం కుదరలేదు. లోపల అన్నీ అందిస్తున్నాను గానీ చెవులు తలుపు మీదే ఉన్నాయి. బూబమ్మ సగంలో లేచి అరుస్తుందేమో, అత్తను పిలుస్తుందేమో అని భయం. డాక్టరమ్మ బిడ్డను తీశాక, పిల్ల మొహం మీదికి వంగి మళ్ళీ అడిగింది. సరే అంది పిల్ల. అదే సమయంలో బయట అత్త గొంతు వినిపించింది. బిడ్డ ఏడుపు విన్నాం గదా, ఇంకా ఎందుకింతసేపు అంటోంది.

"తాయెత్తు నా చేతనే ఉండాది గదా, చూడు" అంది బూబమ్మ గొంతు, ఎప్పటిలాగే విసుగ్గా. "అయ్యేదాకా కూర్చో."

బిడ్డను బయటికి తెచ్చాను. ఆడపిల్ల. అత్త అందుకుని ముద్దాడుకుంది. బూబమ్మ బిడ్డను చూడనే లేదు. నన్ను పక్కకు లాగి, "లోపల మళ్ళా అడిగినారా దాన్ని?" అంది.

"అడిగాం."

"ఏమనింది?"

"సరే అంది."

స్ట్రెచరు బయటికొచ్చినప్పుడు గ్లూకోజు సీసా పట్టుకుని పక్కన నడుస్తున్నాను. బూబమ్మ పళ్ళతో ముడి లాగి, దారం చుట్లన్నీ విప్పి, తాయెత్తు పిల్ల అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. మూసిన పిడికిలిని ఒకసారి గట్టిగా నొక్కి వదిలింది. ఇది నా కళ్ళతో చూశాను.

ఆ తర్వాత కొంతకాలం ఎప్పటిలాగే వచ్చింది. ఆ పిల్ల కూతురు నడక నేర్చి, మాటలు కూడా వచ్చాక, ఒకరోజు నుంచి బూబమ్మ రావడం ఆగిపోయింది. ఆ వీధి ఆడవాళ్ళు వస్తూనే ఉన్నారు, ఎవరి అమ్మతో వాళ్ళు. తాయెత్తులు కొంగున ముడేసుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చునేవాళ్ళు. బూబమ్మ ఏది, ఆమెకివ్వొచ్చుగా అంటే మొహాలు పక్కకు తిప్పుకునేవాళ్ళు. "ఆమెకు ఇయ్యమక్కా" అనేవాళ్ళు. ఎందుకని అడిగితే పలికేవాళ్ళు కాదు. ఏదో కాని పని చేసి దొరికిపోయిందనుకున్నాను. ఊళ్ళో ఒక మనిషిని అందరూ ఒకేసారి వదిలేస్తే ఎవరైనా అదే అనుకుంటారు.

ఒక్కసారి మాత్రం కోట బస్టాండులో కనబడింది. అక్కడ కూడా బెంచీ మీద కాదు, కింద మెత్త వేసుకుని కూర్చుని ఉంది. చిక్కిపోయింది. రావడం లేదేం బూబమ్మా అన్నాను.

"మోకాళ్ళు నొప్పులమ్మా. నడవలేకుండా ఉండా."

ఆమే అడిగింది. "సూదేసేటప్పుడు దానికి చెప్తుండావా? నేను లేనని మానేసినావా?"

"చెప్తూనే ఉన్నాను."

"ఎవురన్నా వినేవాళ్ళుంటే నమ్మొచ్చు" అంది. అంతలో బస్సొచ్చింది. మెత్త చంకలో పెట్టుకుని, కుర్రపిల్లలా జనాన్ని తోసుకుంటూ ఎక్కేసింది. మోకాళ్ళ నొప్పులట. చూశారా, ఇంత అబద్ధమాడుతుంది అనుకున్నాను.

పిల్ల పరీక్ష అయిపోయి వచ్చి నా పక్కన కూర్చుంది. ఇప్పుడు గొంతు తగ్గించి మాట్లాడింది.

"మూడోదానికి మాటలొచ్చినా నాకు మళ్ళా కడుపు రాలా గదక్కా. మా అత్తకు అనుమానం పట్టుకుంది. ఆసుపత్రోళ్ళు మనకు చెప్పకుండా ఏందో చేసినారు, నెల్లూరు తీసకపొయ్యి చూపిస్తా, తేలినాక అందర్నీ ఏసుకోనిపొయ్యి గేటు ముందర కూర్చుంటా అని వీధిలో చెప్పింది. నాకు అన్నం దిగలా. చూపిస్తే బయట పడిపోద్ది గదా. ఆయాల నానీ మా ఇంటికొచ్చి వాకిట్లో కూర్చునింది. అందరూ ఉండారు. వాళ్ళ తప్పేం లేదు, నాదే తప్పు అనింది."

"ఏం తప్పు?"

"ఆ రోజు తలుపు కాడ కునుకు పట్టింది, ముడి వొదులైపొయ్యి తాయెత్తు జారి గచ్చు మీద పడింది, భయపడి మీకు చెప్పలా అనింది. అందుకే దీని కడుపు మళ్ళా పండలా, డాక్టర్లనేం చేస్తారు అనింది."

ఒళ్ళోని చేతిసంచీ తీసి కింద పెట్టాను.

"మా అత్త నెత్తి కొట్టుకుని ఏడ్చింది. నానీని శానా మాటలనింది. నానీ తలకాయ వొంచుకుని అన్నీ పడింది. మళ్ళా మా అత్త నెల్లూరు మాట ఎత్తలా. ఆ రోజు నుంచి నానీకి ఎవురూ తాయెత్తు ఇయ్యలేదక్కా. ఏడో నెల ఫంక్షన్లకి పిలవలా. కడుపుతో ఉండేవాళ్ళు ఎదురొస్తే పక్క సందులోకి తిరిగిపోతారు. నేనొకసారి అందరికీ నిజం చెప్పేస్తా నానీ అంటే, నోరు మూసుకుని పిల్లకాయల్ని చూసుకో అనింది."

ఆసుపత్రి మీదికి వీధి రాకుండా, ఈ పిల్లను ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనకుండా చూడ్డానికి, ఆమె తనకున్న ఒకే ఒక్క మంచిపేరును తీసి ఇచ్చేసింది. ఎవరినీ నమ్మని మనిషి, నమ్మకంగా మోస్తుందని అందరూ నమ్మిన మనిషి. వీధి సంగతి నేను చూసుకుంటానంటే ఇలా చూసుకుంటుందని ఎవరనుకుంటారు?

"పోయినప్పుడు కడిగి నీళ్ళు పోసేదానికి నేను పొయినా" అంది పిల్ల. "మా అత్త కూడా వొచ్చింది, మనసు ఒప్పక. నేను మణికట్టు కడగతా ఉంటే చూసి, ఈ చెయ్యే గదా జారవిడిచింది అనింది. ఏడుస్తానే అనింది. నేను నోరెత్తలా అక్కా. కడిగినా, అంతే."

నాకు ఏడుపు ఆగలేదు. కళ్ళలో నీళ్ళు పెట్టుకుంటే చుక్కలు పోతాయని, మళ్ళీ మొదటి నుంచి వెయ్యాలని అక్కడి నర్సు వచ్చి నన్ను కసిరింది. నర్సును నర్సు కసిరితే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. ఆమె మళ్ళీ సీసా పట్టుకుని నా కళ్ళ మీదికి వంగినప్పుడు, అది ఏం చుక్కలో ఎందుకు వేస్తుందో ముందు నాకు చెప్పమన్నాను. చెప్పలేదు. వేసి వెళ్ళిపోయింది.

ఆ తాయెత్తు నేల తగల్లేదు. మణికట్టు నుంచి అరచేతిలోకి పోయింది, మధ్యలో ఎక్కడా జారలేదు. ఆ వీధిలోకి పోయి, ఆ అత్తను వాకిట్లోకి పిలిచి, ఈ ఒక్క మాట చెప్పాలని ఉంది. చెబితే, మరి నా కోడలికి పిల్లలెందుకు పుట్టలేదని అడుగుతుంది. దానికి నేను చెప్పగలిగిన జవాబు ఒక్కటే, అది చెప్పకూడదు. అందుకే ఊరి పేరు రాయలేదు, ఆమె పేరు రాయలేదు. చూసినదాన్ని కాబట్టి ఇక్కడ మాత్రం చెబుతున్నాను. ఆ చెయ్యి జారవిడవలేదు.